పట్టికలు గీయడం, పుటలలో పేర్చడం

పదిమంది తెలుగువారు పరాయి ఊరిలో స్థిరపడితే మొదట ఒక సంఘం ఏర్పడుతుంది. ఆ వెంటనే సభ్యుల జాబితా ఒకటి ఏర్పడుతుంది. (రెండవ సంఘం ఎప్పుడు ఏర్పడుతుందన్న చర్చ ఈ వ్యాస పరిధికి వెలుపలిది.) ఆ జాబితా మొదట కార్యదర్శిగారి నోటుపుస్తకంలో ఉంటుంది. కొన్నాళ్ళకు కోశాధికారిగారి కంప్యూటర్‌లో గడులు గీసిన పత్రంగా మారుతుంది. సభ్యుల సంఖ్య వేలలోనికి చేరిన నాడు "ఇక దీనికి డేటాబేస్ కావలసిందే" అని కార్యవర్గం తీర్మానిస్తుంది. మన కుటుంబాలలో ఈ వృత్తివారికి కొదవ లేదు కనుక ఎవరో ఒక యువకుడో యువతియో ఆ భారం నెత్తిన వేసుకుంటారు.

ఆ పని ఎట్లా జరిగిందన్నది బయటపడేది మహాసభ మొదటి రోజు సాయంకాలం. నాలుగు వేల కుటుంబాలు వచ్చాయనుకుందాం. నమోదు బల్లలు పది ఉన్నాయనుకుందాం. పేరు చెప్పిన తరువాత కంప్యూటర్ ఒక్కొక్క కుటుంబం దగ్గర ఒక్క నిమిషం తాత్సారం చేసిందంటే, ఒక్కొక్క బల్ల దగ్గర 400 నిమిషాలు, అనగా 6 గంటల 40 నిమిషాలు, కేవలం వేచి ఉండడానికే సరిపోతాయి. ఆ బారులో పదహారు గంటలు విమానంలో కూర్చుని వచ్చిన మామ్మగారు కూడ నిలబడి ఉంటారు. ఇంకొక వైపు వంటశాల గోడకు, వేరుశనగ పడని పిల్లల పేర్లు వ్రాసిన కాగితం ఒకటి అంటించి ఉంటుంది. ఆ కాగితం తప్పయితే జరిగేది ఆలస్యం కాదు, అపాయం. వేగం, యథార్థత అనే ఈ రెండింటికీ నడుమ తూకం ఎట్లా వేస్తారో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

డేటాబేస్‌ను ఇక్కడ దత్తాంశనిధి అని పిలుస్తాను. దాని రూపకల్పన రెండు అంచెలలో సాగుతుంది. ఏయే విషయాలు నమోదు చేయాలి, వాటికి పరస్పరం ఉన్న సంబంధం ఏమిటి అని నిర్ణయించేది తార్కిక రూపకల్పన. ఆ విషయాలను యంత్రంలో ఏ రూపంలో, ఏ క్రమంలో, ఎక్కడ ఉంచితే అడిగినప్పుడు త్వరగా దొరుకుతాయి అని నిర్ణయించేది భౌతిక రూపకల్పన. వంటకు ఏయే దినుసులు కావాలో తెలిసి ఉండడం ఒక ఎత్తు. ఆవాలు, జీలకర్ర పోపులపెట్టెలోను, కందిపప్పు అలమరలోను, ఏడాదికి సరిపడే ఊరగాయ జాడీలు అటక మీదను సర్దుకోవడం ఇంకొక ఎత్తు. ఆవాలు అటక మీద పెట్టిన ఇంట కూడ పోపు వేయవచ్చు; నూనె మాడిపోయేలోగా అవి క్రిందికి దిగిరావు, అంతే.

ఒక విషయం, ఒక చోటు

నోటుపుస్తకంలోని జాబితా సాధారణంగా ఇట్లా ఉంటుంది: సభ్యుని పేరు, భార్య పేరు, మొదటి సంతానం, రెండవ సంతానం, చిరునామా, ఫోన్ నంబరు, చెల్లించిన రుసుము. మొదటి చిక్కు మూడవ సంతానంతో వస్తుంది. ఆ బిడ్డకు గడి లేదు కనుక నిలువువరుస ఒకటి అదనంగా గీస్తారు. సభ్యత్వం తీసుకున్నది భార్య అయితే భర్త పేరు ఏ గడిలో వ్రాయాలన్నది రెండవ చిక్కు. కొన్ని ఇళ్ళకు ఇండియా నుండి తల్లిదండ్రులు వచ్చి ఆరు నెలలు ఉంటారు. వారు సంఘ సభ్యులు కారు, మహాసభకు మాత్రం వస్తారు. అటువంటి తాతగారి పేరును "మూడవ సంతానం" గడిలో ఎక్కించిన జాబితాను నేను కళ్ళారా చూశాను. వ్రాసినవారిని ఏమనగలం? ఖాళీగా ఉన్నది ఆ గడి ఒక్కటే.

కనుక తార్కిక రూపకల్పన చేసేవారు మొట్టమొదట అడగవలసిన ప్రశ్న కంప్యూటర్‌కు సంబంధించినది కాదు: సభ్యత్వం వ్యక్తిదా, కుటుంబానిదా? దీనికి సమాధానం సంఘం నియమావళిలో ఉంటుంది. లేకపోతే సర్వసభ్య సమావేశంలో తేలాలి. కుటుంబానిదే అనుకుంటే నాలుగు పట్టికలు ఏర్పడతాయి. కుటుంబాలకు ఒకటి, వ్యక్తులకు ఒకటి, మహాసభలకు ఒకటి, ఏ వ్యక్తి ఏ మహాసభకు వచ్చాడన్న నమోదులకు ఒకటి. ప్రతి కుటుంబానికి ఒక సంఖ్య ఇస్తాము. ప్రతి వ్యక్తి అడ్డువరుసలోను అతని కుటుంబ సంఖ్య వ్రాస్తాము. ఇక సంతానం ఎందరైనా కావచ్చు, తాతగారు తాతగారుగానే ఉండవచ్చు.

ఇందులోని మూలసూత్రం, ఒక విషయం ఒకే చోట ఉండాలన్నది. పుట్టినతేదీ వ్యక్తికి చెందినది. పడని పదార్థం వ్యక్తికి చెందినది. ఇంటి చిరునామా కుటుంబానికి చెందినది. చిరునామాను నలుగురు కుటుంబ సభ్యుల వరుసలలోను నాలుగుసార్లు వ్రాశామనుకోండి. వారు షికాగో నుండి డల్లాస్‌కు మారిన నాడు నాలుగు చోట్ల దిద్దాలి. మూడు దిద్ది ఒకటి మరచిపోతే ఆ కుటుంబానికి రెండు చిరునామాలు మిగులుతాయి; ఏది సరియైనదో చెప్పగల ఆధారం పట్టికలో ఎక్కడా ఉండదు. ఇట్లా ప్రతి విషయాన్ని దాని అసలు యజమాని దగ్గరకు చేర్చే పనిని నార్మలైజేషన్ అంటారు. సూత్రం చెప్పడం తేలికే. అమ్మాయి కళాశాల చదువుకు వేరే రాష్ట్రం వెళ్ళి, సంఘం పత్రిక తనకు అక్కడికే పంపమన్నప్పుడు చిరునామా కుటుంబానిదా, వ్యక్తిదా అన్న ప్రశ్న మళ్ళీ లేస్తుంది. ఇటువంటి వాటిని ముందే ఊహించి అడగగలవారే మంచి రూపశిల్పులు. వారికి ప్రోగ్రాములు వ్రాయడం కన్న మనుషులతో మాట్లాడడం ఎక్కువ అవసరం.

గోడ కట్టిన గణితవేత్త

ఈ రెండు అంచెలూ మొదటి నుండి వేరువేరుగా లేవు. 1960లలో పుట్టిన దత్తాంశనిధులలో, ఉదాహరణకు చార్లెస్ బాక్‌మన్ రూపొందించిన ఐ.డి.యస్., ఐ.బి.యం. వారి ఐ.యం.యస్. వంటి వాటిలో, ఒక నమోదు నుండి తరువాతి నమోదుకు దారి చూపే గుర్తులు ఉండేవి. ప్రోగ్రాము వ్రాసేవాడు ఆ దారులన్నీ ఎరిగి, ఒక్కొక్క మలుపూ తిరుగుతూ కావలసిన చోటికి చేరుకోవాలి. 1973లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్నప్పుడు బాక్‌మన్ తన ఉపన్యాసంలో ప్రోగ్రామరును నావికునితో పోల్చాడు. పోలిక అందంగానే ఉన్నది. కాని రేవు మార్చిన ప్రతిసారీ నావికులందరికీ పాఠం మళ్ళీ చెప్పవలసి వస్తుంది. సరుకు అమరిక మారిస్తే ప్రోగ్రాములన్నీ తిరగవ్రాయాలి.

ఇంగ్లండులో పుట్టి, శాన్‌హోసేలోని ఐ.బి.యం. పరిశోధనశాలలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ అనే గణితవేత్త 1970 జూన్‌లో ప్రచురించిన వ్యాసంలో వేరే మార్గం చూపాడు. అడిగేవారికి కనిపించేది పట్టికలు మాత్రమే. "ఏమి కావాలి" అన్నది వారు చెప్పాలి. "ఎట్లా తేవాలి" అన్నది యంత్రం చూసుకోవాలి. లోపలి అమరిక ఎన్నిసార్లు మారినా బయటివారికి తెలియనక్కర లేదు. 1975లో అమెరికా ప్రమాణాల సంస్థకు చెందిన బృందం ఒకటి ఈ భావాన్నే మూడు అంతస్తులుగా చిత్రించింది: వాడుకరి చూపు పైన, తార్కిక రూపం నడుమ, భౌతిక రూపం అడుగున. 1974లో ఐ.బి.యం. వారు మొదలుపెట్టిన సిస్టమ్-ఆర్ అనే ప్రయోగం ఈ పద్ధతి ఆచరణకు నిలుస్తుందని చూపించింది. అయినను ఆ సంస్థ తన సొంత సరుకును 1981 వరకు అంగడిలోనికి తేలేదు; 1979లోనే ఒరాకిల్ వచ్చి కూర్చున్నది. కాడ్‌కు 1981లో ట్యూరింగ్ పురస్కారం లభించింది.

ఈ చరిత్ర ఇక్కడ ఎందుకంటే, తార్కిక రూపానికీ భౌతిక రూపానికీ మధ్య కాడ్ కట్టిన ఆ గోడ ఉన్నందువల్లనే మనం పట్టికలను ముందు నిజాయితీగా గీసుకుని, వేగం సంగతి తరువాత చూసుకోగలుగుతున్నాము. వేగం చాలకపోతే గోడకు ఆవలి వైపున సామాను సర్దవచ్చు. నమోదు బల్ల మీది ప్రోగ్రాములో ఒక్క పంక్తి మార్చనక్కర లేదు.

పళ్ళెం తిరిగే కాలం

గోడకు ఆవల ఏమున్నదో ఇప్పుడు చూద్దాం. 1956లో ఐ.బి.యం. వారు తెచ్చిన మొదటి డిస్కు యంత్రంలో 50 పళ్ళేలు ఉండేవి; అన్నిటిలో కలిపి 50 లక్షల అక్షరాలు పట్టేవి; యంత్రం బరువు టన్నుకు పైమాటే. నేడు అరచేతిలో ఇమిడే డిస్కులో దానికి లక్షల రెట్లు పడుతుంది. కాని తిరిగే పళ్ళెం తిరిగే పళ్ళెమే. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్కు ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. కావలసిన చోటు ముల్లు క్రిందికి రావడానికి సగటున అందులో సగం, అంటే 4.2 మిల్లీసెకన్లు పడుతుంది. ముల్లు సరియైన వలయానికి జరగడానికి ఇంకొక 8. మొత్తం ఇంచుమించు 12 మిల్లీసెకన్లు. ఒకసారి అక్కడకు చేరిన తరువాత మాత్రం దత్తాంశాలు సెకనుకు 150 మెగాబైట్ల చొప్పున ధారగా వచ్చిపడతాయి. అనగా ఖర్చంతా ప్రయాణానిదే, మూటది కాదు.

అందువల్లనే ఏ దత్తాంశనిధి కూడ ఒక్క వరుసను విడిగా తీసుకురాదు. పుటలు పుటలుగా తెస్తుంది. పోస్ట్‌గ్రెస్, యస్.క్యూ.యల్. సర్వర్ వంటి వాటిలో పుట 8 కిలోబైట్లు. మైసీక్వల్‌లో సాధారణంగా 16. మన నమోదుల పట్టికలో పాత మహాసభలన్నీ కలుపుకుని పది లక్షల అడ్డువరుసలు, ఒక్కొక్కటి 200 బైట్లు అనుకుందాం. పుటకు 40 వరుసల చొప్పున 25,000 పుటలు అవుతాయి. సుమారు 200 మెగాబైట్లు. పుటలన్నీ ప్రక్కప్రక్కన ఉంటే మొదటి నుండి చివరి వరకు చదవడానికి 1.3 సెకన్లు చాలు. అవే పుటలు డిస్కంతా చెల్లాచెదరై ఉంటే, ఒక్కొక్క పుటకు 12 మిల్లీసెకన్ల చొప్పున 300 సెకన్లు, అంటే 5 నిమిషాలు. అదే సమాచారం, అదే యంత్రం. తేడా రెండు వందల రెట్లకు మించి!

వరుస ఎంత సన్నగా ఉంటే అంత మేలన్నది కూడ ఈ లెక్కలోనే తెలుస్తుంది. సభ్యుని జీవిత విశేషాలు, సంఘసేవా వివరాలు అన్నీ అదే వరుసలో చేర్చి 2,000 బైట్లు చేస్తే పుటకు 4 వరుసలే పడతాయి. పుటలు పదింతలై రెండున్నర లక్షలకు చేరతాయి. పేరు వెతకడానికి వచ్చినవాడు అందరి జీవిత చరిత్రలను మోస్తూ తిరగవలసి వస్తుంది. అరుదుగా వాడే పెద్ద అంశాలను వేరొక పట్టికలో ఉంచి సంఖ్యతో కలపడం మంచిది. అటక మీది జాడీలు అంటే ఇవే.

ఇప్పుడు తిరిగే డిస్కుల స్థానంలో కదలిక లేని ఘనస్థితి డిస్కులు వచ్చాయి కదా, ఈ లెక్కలెందుకు అనవచ్చు. వాటిలో పుట తేవడానికి సుమారు 0.1 మిల్లీసెకను పడుతుంది. నిజమే, నూరు రెట్లు మేలు. కాని కంప్యూటర్ లోపలి జ్ఞాపకశాలతో పోలిస్తే అది ఇంకను వేయి రెట్లు నెమ్మది. మన సంఘం పట్టికలన్నీ నేటి చేతిఫోను జ్ఞాపకశాలలోనే ఇమిడిపోతాయన్న మాట కూడ ఒప్పుకోవలసినదే. అయినప్పటికీ బల్ల దగ్గర తాత్సారం జరుగుతున్నదంటే కారణం చాలాసార్లు ప్రశ్నల సంఖ్యలో ఉంటుంది. కుటుంబాన్ని గురించి ఒక ప్రశ్న, పిమ్మట ఒక్కొక్క వ్యక్తిని గురించి ఒకటి, వారి భోజనం గురించి ఒకటి, రుసుము గురించి ఒకటి: ఇట్లా 30 ప్రశ్నలు దూరాన ఉన్న యంత్రానికి పంపి, రాకపోకలకు ఒక్కొక్కసారి 100 మిల్లీసెకన్లు పట్టితే మూడు సెకన్లు గాలిలోనే గడిచిపోతాయి. కావలసినవన్నీ ఒకే ప్రశ్నలో అడిగితే ఆ ప్రయాణం ఒక్కసారితో ముగుస్తుంది. అంగడికి ఒక్కొక్క వస్తువుకు ఒక్కొక్కసారి వెళ్ళేవారు ఉండరు. ప్రోగ్రాములు మాత్రం ఎందుకో అట్లాగే వెళ్తుంటాయి.

సూచికలు: ఎక్కడ వరం, ఎక్కడ భారం

వేగానికి వాడే ముఖ్యమైన సాధనం సూచిక. పుస్తకం చివర అకారాది క్రమంలో పదాలు, వాటి పుట సంఖ్యలు ఇచ్చినట్లే ఇది కూడ. దీని నిర్మాణం చెట్టు వంటిది. బోయింగ్ విమాన సంస్థ పరిశోధనశాలలో రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్‌క్రైట్ రూపొందించి 1972లో ప్రచురించిన ఈ చెట్టుకు బి-ట్రీ అని పేరు. బి అంటే ఏమిటో వారు చెప్పలేదు. బోయింగా, బేయరా అని నేటికీ సరదాగా వాదించుకుంటారు.

సూచికలో ఒక్కొక్క పద్దుకు 40 బైట్లు అనుకుంటే పుటకు 200 పద్దులు పడతాయి. మొదటి పుట 200 పుటలకు దారి చూపుతుంది. అవి ఒక్కొక్కటి 200 చొప్పున 40,000 పుటలకు దారి చూపుతాయి. ఆ 40,000 పుటలలో 80 లక్షల పద్దులు ఇముడుతాయి. కనుక పది లక్షల వరుసలలో ఒకదానిని పట్టుకోవడానికి సూచికలో మూడు పుటలు, పట్టికలో ఒక పుట, మొత్తం నాలుగు చదివితే చాలు. తిరిగే డిస్కు మీద కూడ 48 మిల్లీసెకన్లే. పై పుటలు తరచు వాడబడడం చేత జ్ఞాపకశాలలోనే ఉండిపోతాయి గనుక నిజానికి ఇంకను తక్కువ. పట్టిక పదింతలు పెరిగినా చెట్టు ఒక్క అంతస్తే పెరుగుతుంది.

రెండు అంశాలను కలిపి సూచిక కట్టేటప్పుడు ఏది ముందు, ఏది వెనుక అన్నది ముఖ్యం. పూర్వపు టెలిఫోన్ డైరెక్టరీని గుర్తు చేసుకోండి. ఇంటిపేరు, ఆ తరువాత పేరు అనే క్రమంలో ఉండేది. ఇంటిపేరు తెలిస్తే క్షణంలో దొరికేది. "సుబ్బారావుగారు" అని మాత్రమే తెలిస్తే మొదటి పుట నుండి చివరి పుట దాకా చదవడం తప్ప దారి లేదు. సూచికలోనూ అంతే. మన సంప్రదాయంలో ఇంటిపేరు ముందే ఉన్నది. దానిని ఈ దేశంలో చివరి పేరు అనవలసి రావడం ఒక వింత. సూచికకు మాత్రం మన పద్ధతే నచ్చుతుంది. అయితే బల్ల దగ్గర కూర్చున్నవారు ముందుగా ఇంటిపేరు అడగాలన్న నియమం పెట్టుకోకపోతే ఆ సూచిక ఉండీ లేనట్లే.

అన్నిటికీ సూచికలు కట్టేస్తే పోలేదా? పోదు. శాకాహారమా, మాంసాహారమా అన్న అంశానికి సూచిక కట్టారనుకోండి. పుస్తకం చివర "మరియు" అన్న మాటకు పుట సంఖ్యలు ఇచ్చినట్లుంటుంది. పది లక్షలలో పదవ వంతు వరుసలను, అనగా లక్ష వరుసలను, సూచిక ద్వారా ఒక్కొక్కటిగా తెచ్చుకుంటే, అవి చెదరి ఉన్నప్పుడు లక్ష ప్రయాణాలు. తిరిగే డిస్కు మీద 20 నిమిషాల వరకు పట్టవచ్చు. పట్టిక మొత్తం వరుసగా చదివి పారేస్తే 1.3 సెకన్లు. ఘనస్థితి డిస్కు మీద సైతం సూచిక మార్గానికి 10 సెకన్లు. అనగా తక్కువ వరుసలు కావలసినప్పుడు సూచిక వరం, ఎక్కువ కావలసినప్పుడు భారం.

ఈ రెండు దారులలో ఏది మేలో ప్రశ్న వచ్చిన ప్రతిసారీ లెక్కకట్టి నిర్ణయించే భాగం దత్తాంశనిధిలోనే ఉంటుంది. సిస్టమ్-ఆర్‌లో ఆ పద్ధతిని నిర్మించిన పాట్రీషియా సెలింజర్ బృందం దానిని 1979లో ప్రకటించింది. నేటి వ్యవస్థలు చాలావరకు ఆ బాటలోనే నడుస్తున్నాయి. ఆ లెక్కకు ఆధారం, పట్టికలలో ఎన్ని వరుసలున్నవి, ఏ విలువ ఎంత తరచుగా వస్తుంది అన్న గణాంకాలు. అవి పాతబడితే నిర్ణయం బెడిసికొడుతుంది. కొత్త మహాసభకు నమోదులు ప్రారంభం కాకముందు తీసిన గణాంకాల ప్రకారం దానికి ఒక్క వరుస కూడ లేదు. వారంలో వేలు వచ్చి చేరాయి. యంత్రం ఇంకను సున్నాయే అనుకుని దారి ఎంచుకుంటుంది. అందుచేత మహాసభకు ముందు గణాంకాలను తాజా చేయాలి. ఏ దారి ఎంచుకున్నదో చూపమనడానికి ఎక్స్‌ప్లెయిన్ అనే ఆజ్ఞ చాలా వ్యవస్థలలో ఉన్నది. ఊహలతో సూచికలు కట్టేవారు దానిని ఒకసారి వాడి చూస్తే సగం సూచికలు ఎవరూ తొక్కని దారులని తెలుసుకుంటారు. ఆ దారులకు సుంకం మాత్రం రోజూ చెల్లుతూనే ఉంటుంది: కొత్త వరుస ఒకటి చేరిన ప్రతిసారీ ప్రతి సూచికలోను ఒక పద్దు వ్రాయాలి కదా.

సూచికలకన్న ముందు ఆలోచించవలసినది వరుసల అమరిక. నమోదుల పట్టికను మహాసభ సంవత్సరం ప్రకారం విభాగాలు చేశామనుకోండి. ఈ ఏటి 15,000 నమోదులు 375 పుటలలో, అనగా 3 మెగాబైట్లలో, ఒక్కచోట ఉంటాయి. తిరిగే డిస్కు కూడ వాటిని సుమారు ముప్పై మిల్లీసెకన్లలో, అంటే రెప్పపాటులో చదివేస్తుంది. పాత మహాసభల జోలికి పోనక్కర లేదు. ఆ విభాగం లోపల ఒకే కుటుంబంవారిని ప్రక్కప్రక్కన ఉంచితే ఒక్క పుటతోనే తాతగారితో సహా అందరూ వచ్చేస్తారు.

వేగం కోసం రెండు చోట్ల వ్రాయవచ్చునా?

ఇక అసలు చిక్కు. వంటశాల జాబితా తీయాలంటే నమోదుల పట్టికను వ్యక్తుల పట్టికతో కలపాలి. "ఎందుకీ శ్రమ? పడని పదార్థాన్ని నమోదు వరుసలోనికి కూడ ఎక్కించేస్తే ఒక్క పట్టికతో పని అయిపోతుంది" అని ఎవరో ఒకరు సూచిస్తారు. వృత్తిలో ఇది చాలా మామూలు సూచన. కొన్ని చోట్ల అవసరమైనది కూడ.

ఇక్కడ దాని లాభనష్టాలు చూడండి. 15,000 వరుసలను వ్యక్తుల పట్టికతో కలపడం నేటి యంత్రానికి సెకను లోపు పని. లాభం అంతే. నష్టమో? మే నెలలో నమోదు చేసుకున్న తల్లి, జూన్‌లో వైద్యుడు చెప్పిన తరువాత పిల్లవాని వివరాలలో జీడిపప్పు కూడ చేరుస్తుంది. ఆమె దిద్దినది వ్యక్తుల పట్టికలో. వంటశాలకు వెళ్ళినది నమోదు వరుసలో మే నెలనాటి నకలు. ఆమెకు తన తెర మీద అంతా సరిగానే కనిపిస్తుంది. ఆ జాబితాకు నకలు వాడడాన్ని నేను ఏ వేగం కోసమూ అంగీకరించను.

ఆవాలు డబ్బాలోనూ ఉంటాయి, పోపులపెట్టెలోనూ ఉంటాయి. ఎవరికీ ఇబ్బంది లేదు. ఎందుకంటే ఆవాలు మారవు. మారని విషయాలకు, లేదా మార్పు కొంత ఆలస్యంగా తెలిసినా ముప్పు లేని విషయాలకు నకలు పెట్టుకోవచ్చు. రాష్ట్రాలవారీగా ఇంతవరకు ఎందరు నమోదు చేసుకున్నారన్న మొత్తాలు అటువంటివి. వాటిని గంటకొకసారి యంత్రమే తాజా చేసేటట్లు ఏర్పాటు చేసి, పైన "ఇన్ని గంటల నాటి లెక్క" అని చూపితే చాలు. అట్లా కాక, ఒకే వరుసలో "మొత్తం" అని వ్రాసి ప్రతి నమోదుకు దానిని ఒకటి పెంచుతూ పోతే ఇంకొక అవస్థ: పది బల్లలవారూ ఏకకాలంలో ఆ ఒక్క వరుస కోసం ఎదురుచూస్తారు, ఒకే కుళాయి దగ్గర పది బిందెలు పెట్టినట్లు.

నకలుగా కనిపించినా నకలు కానివి కూడ ఉన్నాయి. మహాసభ పట్టికలో రుసుము ఉన్నది కదా అని నమోదు వరుసలో రుసుము తీసివేయరాదు. మొదటిది సంఘం నిర్ణయించిన ధర. రెండవది ఆ కుటుంబం ఆనాడు నిజంగా చెల్లించిన సొమ్ము. ముందుగా నమోదు చేసుకున్నవారికి తగ్గింపు ఇచ్చిన తరువాత ధర మారుస్తారు, చెల్లించినది మారదు. ఇది వేగం ప్రశ్న కాదు, రెండూ వేరువేరు విషయాలు.

గడి కొలతలు

ఏ అంశాన్ని ఏ రకంగా నిల్వ చేయాలన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది. మనవారు అధికంగా నివసించే న్యూజెర్సీలోని ఎడిసన్‌కు తపాలా సంకేతం 08817. దానిని సంఖ్యగా నిల్వ చేస్తే 8817 అవుతుంది. ముందున్న సున్నా పోయి పత్రిక తిరిగి వస్తుంది. కూడికలు, తీసివేతలు చేయనిది సంఖ్య కాదు, అక్షరాల మాల అని గుర్తుంచుకోవాలి. ఫోన్ నంబర్లూ అంతే. తేదీలను మాత్రం తేదీలుగానే ఉంచాలి. 03-04 అని అక్షరాలలో వ్రాస్తే ఇండియా నుండి వచ్చినవారికి ఏప్రిల్ 3, ఇక్కడ పెరిగినవారికి మార్చి 4.

తెలుగు లిపిలో పేర్లు ఉంచదలచినవారికి ఇంకొక లెక్క. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దొరికింది. నేడు ఎక్కువగా వాడే యు.టి.యఫ్.-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు కావాలి. వత్తులకు పొల్లు సంకేతం వేరే లెక్క. "లక్ష్మి" అన్న రెండక్షరాల పేరులో 7 సంకేతాలు, అనగా 21 బైట్లు. "వేంకటసుబ్బలక్ష్మి"కి 17 సంకేతాలు, 51 బైట్లు. గడి పొడవును కొన్ని వ్యవస్థలు అక్షర సంకేతాలలో కొలుస్తాయి, కొన్ని బైట్లలో. 30 బైట్లకు తెంచే ప్రోగ్రాము చేతిలో పడితే ఆమె పేరు సరిగ్గా "వేంకటసుబ్బ" వద్ద ఆగిపోతుంది!

పేరు పలికినట్లు వెతకడం

పేర్లను రోమన్ లిపిలో వ్రాసుకునే మనకు సూచికలు మరొక విధంగా కూడ మొండికేస్తాయి. లక్ష్మిని కె, యస్., హెచ్. అక్షరాలతో వ్రాసేవారున్నారు, ఒక్క ఎక్స్ అక్షరంతో సరిపెట్టుకునేవారున్నారు. చౌదరి అన్న పేరు ఎన్ని విధాల వ్రాయబడుతున్నదో లెక్కపెట్టిన వారు లేరు. సూచికకు కావలసినది అక్షరక్రమం. చెవికి వినిపించేది దానికి తెలియదు.

ఈ చిక్కు అమెరికాలో పాతదే. పేర్లను వెతకడానికి సౌండెక్స్ అనే పద్ధతికి 1918లో పేటెంటు ఇచ్చారు. తరువాత జనాభా లెక్కల పత్రాలకు సూచికలు తయారుచేయడంలో దానిని వాడారు. పేరులోని మొదటి అక్షరం అట్లాగే ఉంచి, తరువాతి హల్లులను ధ్వనిని బట్టి అంకెలుగా మార్చి, అచ్చులను వదిలివేయడం దాని సారాంశం. ఈ పద్ధతిలో పై రెండు లక్ష్ములకూ ఎల్-250 అన్న ఒకే సంకేతం వస్తుంది. చౌదరిలోని హెచ్., డబ్ల్యు. అక్షరాలు లెక్కకు రావు గనుక చాలా రూపాలు సి-360గా ఏకమవుతాయి. ఈ సంకేతాన్ని యంత్రమే కట్టి ఒక నిలువువరుసలో ఉంచి, దానికి సూచిక కడితే బల్ల దగ్గర చాలా పని సులువవుతుంది. ఇది కూడ ఒక నకలే. కాని పేరు మారినప్పుడల్లా యంత్రమే తిరిగి కడుతుంది గనుక తప్పిపోదు. అయితే మొదటి అక్షరాన్ని మార్చదు కనుక, జ్ఞానేశ్వరి పేరును ఒకరు జి అక్షరంతోను, ఇంకొకరు జె అక్షరంతోను మొదలుపెడితే సౌండెక్స్ చేతులెత్తేస్తుంది. అది మన పేర్ల కోసం పుట్టినది కాదు.

అటువంటివారి కోసం ఫోన్ నంబరులోని చివరి నాలుగు అంకెలు అడగడం సుఖమైన పద్ధతి. నంబరుకు మామూలుగా కట్టిన సూచిక ఇక్కడ పనికిరాదు. అది మొదటి అంకె నుండి పేర్చబడి ఉంటుంది, మనం అడిగేది తోకను. కనుక చివరి నాలుగు అంకెలను మాత్రం విడిగా తీసి వాటికి వేరే సూచిక కట్టాలి. నాలుగంకెలతో పదివేల కలయికలు ఉన్నాయి. వచ్చిన కుటుంబాలు నాలుగు వేలు. అడిగిన సంకేతానికి ఒకరో ఇద్దరో, అరుదుగా ముగ్గురో తగులుతారు. ఇంటిపేరు వినగానే ఎవరో తేలిపోతుంది.